నల్లరేగడికి ఏ టైరు

ఆలూరు,
ఉగాది వెళ్ళిన మరుసటి వారం

ఓబులేసు పెదనాయనకు,

నాగలత దండాలు. పెద్దమ్మకు కూడా చెప్పు. మేం ముగ్గురం బాగున్నాం. నీ సంగతి పెద్దమ్మ ఫోనులో చెప్పింది. చెవులు పూర్తిగా పోయాయని, ఫోను చేతికిస్తే అద్దం చూసినట్టు చూసి తిరిగి ఇచ్చేస్తున్నావని చెప్పింది. "ఉత్తరం రాయి పాపా, దాన్నయితే మళ్ళామళ్ళా చదువుకుంటాడు" అన్నది. అందుకే కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. బడి మానేసినాక ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

గుంటూరు వైపు మిరపకోతలకు పోయి మొన్ననే తిరిగొచ్చాం. ఊళ్ళో సగం ఇళ్ళకు ఇంకా తాళాలే. మా వాకిట్లో మాత్రం ఈసారి కొత్త చుట్టం దిగినట్టుంది. ఆదోనిలో ఒక పాత చిన్న ట్రాక్టరు కొన్నాం. పెద్ద ట్రాక్టరు పక్కన నిలబెడితే దాని బిడ్డ అనుకుంటారు. ఇంజను మంచిదే. టైర్లు మాత్రం బోడి. వెనక రెండూ ఏటి రాయిలా నున్నగా ఉన్నాయి. అవి మార్చకుండా చేలోకి దిగేది లేదు.

ఏ టైరు వేయాలన్న దగ్గరే నాకూ మా ఆయన హనుమేషుకూ పడటం లేదు. ఆయన రోడ్డు టైర్లంటాడు. ట్రాలీ తగిలించుకుని ఇటుకలో, ఇసుకో, బండలో తోలుకోవచ్చునంటాడు. "చేనును నమ్ముకోని ఎన్నిసార్లు మోసపోయినాం? రోడ్డు ఎండిపోతాదా, చెప్పు" అంటాడు. కానీ వంక అవతల నాయన వదిలిపోయిన నాలుగెకరాలు బీడుపడి ఉన్నాయి. ఎద్దులు ఎవరికీ లేవు. పెద్ద ట్రాక్టర్లు ఆ చిన్న పొలం చెక్కలోకి రామంటాయి. అది దున్నుకుంటేనే వచ్చే ఏడు బిడ్డ శివానిని బడి మాన్పించి కోతలకు వెంట తీసుకుపోయే పని ఉండదు.

మిరపచేలో మధ్యాహ్నం గట్టు మీద కునుకు పట్టినప్పుడల్లా ఒకటే కల వచ్చేది. నేను ట్రాక్టరు తోలుతుంటాను. చప్పుడు ఉండదు. వెనక్కి తిరిగి చూస్తే చేను పొడుగునా టైర్ల అచ్చులు జడ అల్లినట్టు పడి ఉంటాయి. మెలకువ వచ్చేసరికి చేతుల్లో మిరప మంట.

నడిపేది నేనే పెదనాయనా. ఎండిన వంకలో హనుమేషే నేర్పాడు. నాయన నీ లారీలో క్లీనరుగా తిరిగినన్నాళ్ళూ టైరు మాట వస్తే "ఓబులేసన్నను అడగల్ల" అనేవాడు. నాయన లేడు. నేను అడుగుతున్నాను. ఏ రకం వేయమంటావు?

నాగలత


ఎర్రగుంట్ల,
ఏప్రిల్ మొదట్లో

పాపా నాగలతా,

నీ ఉత్తరం వచ్చిన రోజు తోటలోనే ఉన్నాను. అక్కడే చదివాను. మీ నాయన ఉరుకుందప్ప రాతా ఇట్లాగే కుడివైపుకు వాలి ఉండేది.

చెవులు పోయినందుకు బాధపడకు. ఊరు మెత్తబడింది, అంతే. మా వీధి చివర సిమెంటు లారీలు ఇప్పుడు మబ్బుల్లా పోతున్నాయి. రైలు వస్తే కాళ్ళ కింద నేల చిన్నగా వణుకుతుంది. తలెత్తి చూస్తే పెట్టెలు ఒకదాని వెంట ఒకటి, నీళ్ళలో చేపల్లాగా.

ఇక టైర్ల సంగతి. చిన్న ట్రాక్టరుకు మూడు రకాలున్నాయి. మొదటిది చేను టైరు. దాని మీద లోతైన గట్లుంటాయి, అవి మట్టిని గోళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకుంటాయి. రెండోది తోట టైరు. వెడల్పుగా, పైపైన చిన్న గళ్ళతో ఉంటుంది. బరువును నేల మీద పరిచినట్టు పరుస్తుంది కాబట్టి వేర్లకు దెబ్బ తగలదు. మూడోది ఆ రెండింటికీ నడిమిది. గట్టిగా, మందంగా ఉంటుంది. రోడ్డుకూ బరువుకూ ఓర్చుకుంటుంది, చేలో మాత్రం అంతంతే.

నన్నడిగితే తోట టైరు వేసుకో. నా చిన్న ట్రాక్టరుకు అవే వేశాను. ఈ నెలలో చీనీ పిందెలు, గుంటూరు వైపు బత్తాయంటారే అవి, గోలీలంత ఉన్నాయి. చెట్ల వరసల మధ్య ట్రాక్టరు పోతుంటే కొమ్మలు రెండు పక్కలా భుజాలను రాస్తాయి. ఆకులు వేడెక్కి ఒక వాసన వస్తుంది, నలిపితే వచ్చే వాసన కాదు, ఊరికే ఎండలో నిలబడి ఉన్నందుకు వచ్చేది. ట్రాక్టరు పోయినాక వెనక్కి తిరిగి చూస్తే నేల మీద గుర్తే ఉండదు. చాప మీద చెయ్యి వేసి తీసినట్టు. నేలను నొప్పించకుండా పని చేసుకోవడం కన్నా మనిషికి ఏం కావాలి?

హనుమేషును అడిగానని చెప్పు. మీ పెద్దమ్మ బాగుంది. తోటకు ఈమధ్య రావడం తగ్గించింది, మోకాళ్ళ నొప్పులు.

ఓబులేసు


ఆలూరు,
మే మొదటి వారం

పెదనాయనకు,

నీ ఉత్తరం శివానికి చదివి వినిపించాను. తనకు పదకొండేళ్ళు, ఏదైనా ఒకసారి వింటే చాలు. ఇప్పుడు దారిన పోయే ఆవుల్ని చూసి కూడా "అమ్మా, వీటి కాళ్ళు నేలను నొప్పిస్తాయా?" అని అడుగుతోంది.

నాకూ నీ తోటే కళ్ళ ముందు తిరుగుతోంది. పొద్దున నీళ్ళకు పోతూ చేను వైపు చూస్తాను. ఎండలో అది పారుతున్నట్టు కనబడుతుంది. ఆ పారే దాంట్లో చెట్ల వరసలు నిలబడి ఉన్నట్టు ఒక్కోసారి అనిపిస్తుంది. అక్కడ ముళ్ళకంపలు తప్ప ఏమీ లేవని తెలుసు. అయినా చూస్తాను.

ఆదోనిలో టైర్ల అంగడి వీరేష్‌ను కలిశాం. తోట టైర్లన్న మాట విని ఆయన ముఖం ఒకలాగా పెట్టాడు. "ఈ రకం మనకాడ ఎవురూ అడగరమ్మా. కావాలంటే తెప్పిస్తా. తెప్పించినాక మాత్రం వాపసు తీసుకోను" అన్నాడు. హనుమేషు బయటికి వచ్చి బీడీ ముట్టించుకుని సగం దాకా కాల్చాడు. తర్వాత అన్నాడు కదా, "మీ పెదనాయన అంత చెప్తాండాడంటే ఏదో ఉండాది. ఆ తోట ఒకసారి చూసొస్తే బాగుంటాది."

నిజంగానే చూడాలని ఉంది. గుంతకల్లులో రైలు ఎక్కితే మీ ఊళ్ళోనే దిగవచ్చు. ఇప్పుడు రమ్మంటావా? శివాని చీనీచెట్టును చూడలేదు. కాయను బండి మీద చూసిందే గానీ కొమ్మకు ఉన్నప్పుడు చూడలేదు.

తోట టైర్లే తెప్పించమని వీరేష్‌కు చెప్పబోయి ఆగాను. నువ్వు ఇంకోసారి అవునను, చాలు.

నాగలత


ఎర్రగుంట్ల,
మే నడిమిన

పాపా,

అవును. తెప్పించుకో.

ఇప్పుడు మాత్రం రావద్దు. ఈ ఎండల్లో బిడ్డను వెంటేసుకుని రైలు పెట్టెలో కూర్చుంటే ఉడికిపోతారు. వానలు పడనీ. అప్పుడు తోట కూడా కడుక్కున్న ముఖంలా ఉంటుంది. శివానికి కాయలు పంపుదామనుకున్నాను. దారిలో మెత్తబడతాయని మానుకున్నాను.

పొద్దున ట్రాక్టరు ఎక్కితే ఎండ ముదిరేదాకా దిగను. పడమటి కంచె దగ్గర మొదలుపెట్టి ఒక్కో వరసా పోతాను. చివర మలుపులో స్టీరింగు నిదానంగా తిప్పాలి, లేకపోతే నీళ్ళ పైపు తొక్కుతాం. ఆ మలుపు దగ్గర చెట్టులో పిచ్చుకలున్నాయి. ట్రాక్టరు పోయినా అవి లేవవు. వరసకు వరసకు నీడ రంగు మారుతుంది. ఒకచోట పచ్చగా, ఒకచోట నీలంగా. నడిమి వరసలో ఉన్నప్పుడు ఊరూ, ఫ్యాక్టరీ గొట్టాలూ ఏవీ కనబడవు. లోకంలో ఉన్నవి ఆకులూ, నేనూ, నాతో నడిచే నీడా.

నువ్వు కూడా అట్లా తోలాలి పాపా. అందుకే చెప్తున్నాను.

ఓబులేసు


ఆలూరు,
జూన్ మొదటి వారం

పెదనాయనకు,

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. హనుమేషు "రాయి. ఆయనకు రాయకుండా ఇంకెవురికి రాస్తావు?" అన్నాడు.

పోయిన శుక్రవారం నేనూ శివానీ మీ ఊరు వచ్చాం. వద్దన్నావని తెలుసు. వీరేష్‌కు మాట ఇచ్చే ముందు ఒక్కసారి ఆ నేల మీద ఆ టైర్లు పోతుంటే కంటితో చూద్దామనుకున్నాను. ఇంటికి పోతే పెద్దమ్మ ఒక్కతే ఉంది. మమ్మల్ని చూసి సంతోషపడింది, వెంటనే భయపడింది. "తోటకాడ ఉండాడు. నేను పిలిపిస్తాలే, మీరు ఈడనే కూచోండి" అన్నది. నేను ఆగలేదు. శివానిని అక్కడ వదిలి దారి అడుక్కుంటూ వచ్చాను.

కంచె దగ్గర నిలబడ్డాను పెదనాయనా. ముందు దారి తప్పాననుకున్నాను. తర్వాత నిన్ను గుర్తుపట్టాను.

చెట్టనేదే లేదు. నరికిన మొదళ్ళు వరసగా ఉన్నాయి, బూడిద రంగులో. ఎండిన పైపులు నేల మీద పాము కుబుసాల్లాగా పడి ఉన్నాయి. నడుమ రాళ్ళ మీద ఎత్తిపెట్టిన చిన్న ట్రాక్టరు, దాని మీద నువ్వు. తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నావు. కళ్ళు మూసుకుని ఉన్నావు. కాసేపటికొకసారి నిదానంగా స్టీరింగు తిప్పుతున్నావు. ఒక చోట తల కొంచెం వంచావు, కొమ్మ తగలకుండా వంచినట్టు.

నీకు పక్కగా కంచె దగ్గరే ఉన్నాను. పిలిచినా నీకు వినపడదు. దగ్గరకొచ్చి భుజం తడితే కళ్ళు తెరిచి చూసేవాడివి. నా వల్ల కాలేదు. నిద్రపోయే బిడ్డను లేపడానికి చెయ్యి రాదు చూడు, అట్లా అయింది. వచ్చిన దారినే వెనక్కి పోయాను.

పెద్దమ్మ మజ్జిగ ఇచ్చింది. నా ముఖం చూసి ఎదురుగా కూర్చుంది. కాసేపటికి తనే అన్నది: "నాలుగేండ్లాయె నేను ఆ పక్కకు పోక. ఆయన్ను మాత్రం పోవద్దనలేను. ఈడ కూచుంటే గోడలు చూస్తాడు. ఆడ కూచుంటే చెట్లు చూస్తాడు." సాయంత్రం రైలుకు వచ్చేశాం.

నీ మీద నాకు కోపం లేదు. నువ్వు రాసిన తోటలో రెండు నెలలు నేను కూడా తిరిగాను. చల్లగా ఉండింది. కానీ వాన దగ్గరపడింది. వీరేష్ రోజూ కబురు పెడుతున్నాడు. నా చేలో చెట్లు లేవు పెదనాయనా. వాన పడితే బంకలా అతుక్కునే నల్లరేగడి ఉంది, దాటాల్సిన వంక ఉంది. ఉన్న చేనుకు ఏ టైరు వేయాలో చెప్పు. నిన్ను తప్ప ఇంకొకరిని అడగను.

నాగలత


ఎర్రగుంట్ల,
జూన్ పదో తేదీ

పాపా నాగలతా,

మీ పెద్దమ్మ నాతో చెప్పలేదు. నువ్వు వచ్చి పోయావని నీ ఉత్తరంలోనే చదివాను. ఆ రోజు మజ్జిగ గ్లాసులు రెండు ఎక్కువ కడిగి బోర్లించి ఉన్నాయి. ఎవరో వచ్చారనుకున్నాను గానీ అడగలేదు.

చెట్లు ఒక్కరోజులో పోలేదు. బోరు ముందు దగ్గడం మొదలుపెట్టింది. తర్వాత నీళ్ళ బదులు గాలి ఊదింది. ఇంకా లోతుకు వేయించాం, అక్కడా గాలే. ఒక ఎండాకాలమంతా ట్యాంకరుతో నీళ్ళు తెచ్చి, పసిబిడ్డకు పాలు పట్టినట్టు ఒక్కో మొదట్లో పోశాను. ఆకులు ముడుచుకున్నాయి. కాయలు పెరగకుండానే పసుపెక్కాయి. ఒకరోజు కొమ్మ పట్టుకుంటే చేతిలోకి వచ్చేసింది. అప్పుడు బొగ్గులు కాల్చేవాళ్ళను పిలిచాను. అప్పటికే చెవులు మందగిస్తున్నాయి. గొడ్డలి దెబ్బలు ఎవరో దూరంగా బట్టలుతుకుతున్నట్టు వినబడ్డాయి. చెవికి బాగా అందిన ఆఖరు చప్పుడు అదే అయి ఉంటుంది.

ఆ తర్వాత ఏమీ వినపడలేదు. ఆ నిశ్శబ్దంలోకి తోట మెల్లగా తిరిగొచ్చింది. మొదట నీడ వచ్చింది. తర్వాత వాసన. ఒకరోజు పిచ్చుకలు. నేను పిలవలేదు పాపా, అవే వచ్చాయి. నీకు రాసేటప్పుడు అబద్ధం రాస్తున్నాననుకోలేదు. రాస్తున్నంతసేపూ అవి అక్కడే ఉన్నాయి.

కానీ నువ్వు ఆ టైర్లు వేసుకుని వానలో వంక దిగితే ఏమయ్యేదో తలుచుకుంటూ రాత్రంతా కూర్చున్నాను. ఆ గళ్ళలో రేగడి నిండిపోతుంది. టైరు ముద్దయిపోయి ఊరికే తిరుగుతుంది. వాలు మీద పక్కకు జారుతుంది. మీదుండేది నువ్వు.

వీరేష్‌కు వద్దని చెప్పు. ఈరోజే చెప్పు. తర్వాత చేనుకు పోయి, చూసింది చూసినట్టు రాయి. మట్టి ఎండితే ఎట్లుంటుంది, తడిస్తే ఎట్లుంటుంది? వంక వాలు ఎంత? ఇంటి నుంచి చేనుకు తారు రోడ్డు ఎంత దూరం, మట్టి బాట ఎంత? వెనక ఏం కడతావు, మట్టి గుల్ల చేసే గుంటకా, విత్తనం వేసే గొర్రా? ముందే అడగాల్సినవి ఇవి. నీ మొదటి ఉత్తరంలో నల్లరేగడి ఊసు లేదని కూడా గమనించకుండా ఎర్రగుంట్లలో కూర్చుని జవాబు రాశాను.

ఓబులేసు


ఆలూరు,
జూన్ మూడో వారం

పెదనాయనకు,

వీరేష్‌కు వద్దని చెప్పేశాం. ఆయన నవ్వలేదు. "మంచిపని చేసినావమ్మా" అన్నాడు, అంతే.

చేనుకు ముగ్గురం పోయాం. నువ్వు అడిగినవన్నీ చూశాను. ఎండిన చోట నేల పలకలు పలకలుగా చీలింది. చీలికలో శివాని చెయ్యి పెడితే మోచేయి దాకా దిగింది. లోపల చల్లగా ఉందట. అక్కడే ఉంచుకుని కూర్చుంది, ఎవరో లోపలి నుంచి చెయ్యి పట్టుకున్నట్టు. మేం అక్కడ ఉండగానే తూర్పున మబ్బు లేచి తొలి జల్లు పడింది. గట్టిగా కూడా కాదు. అంతలోనే చెప్పులు నేలకు అతుక్కున్నాయి. వట్టి కాళ్ళతో నడిస్తే అడుగడుగుకూ మట్టి అంటి కాళ్ళు కుండలంత అయ్యాయి. హనుమేషు పుల్లతో గీకి గీకి వేసుకుంటూ నడిచాడు. వాన ఆగాక నేల నల్లగా మెరుస్తూ, ఊపిరి వదిలినట్టు ఆవిరి లేచింది. ఆ ఆవిర్లో మేం ముగ్గురం ఒకరికొకరం సగమే కనబడ్డాం. అక్కడే ఉండిపోవాలనిపించింది.

వంక దిగేటప్పుడు పరవాలేదు. ఎక్కేటప్పుడు నిటారు. ఇంటి దగ్గర తారు రోడ్డు కొంచెమే, మిగతాదంతా బండ్లబాట. కట్టేది ముందు గుంటక, విత్తే రోజు గొర్రు. కొర్ర వేద్దామనుకుంటున్నాం, నడుమ నడుమ కంది సాళ్ళు.

హనుమేషు తిరిగొచ్చేటప్పుడు అన్నాడు: "ఈ మట్టిలో రోడ్డు టైరు కూడా నిలవదు. నాకు కనపడుతాండాది. కానీ చేను టైరు వేస్తే నాకేం మిగులుతాది నాగలతా?" నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

నాగలత


ఎర్రగుంట్ల,
జూన్ ఆఖరున

పాపా,

ఇప్పుడు నీ చేను నాకు కనబడుతోంది.

వెనక చేను టైర్లే వేయించు. గట్లు లోతుగా ఉండాలి, గట్టుకూ గట్టుకూ మధ్య ఎడం ఎక్కువ ఉండాలి. ఎడం ఉంటేనే టైరు తిరిగేటప్పుడు బంకమట్టి దానంతటది రాలిపోతుంది. మరీ వెడల్పువి వద్దు, రేపు పైరు లేచాక సాళ్ళ మధ్య గుంటక తోలాలి కదా. బిగించేటప్పుడు నువ్వు దగ్గర నిలబడు. ఆ గట్లు బాణం ముల్లులా ఉంటాయి. ముందుకు పోయేటప్పుడు ఆ ముల్లు మొన మొదట నేలను తాకాలి. తిరగేసి బిగిస్తే మట్టిని బయటికి నెట్టకుండా లోపలికి పోగేసుకుంటుంది. ముందు టైర్లకు చుట్టూ పోయే నిలువు గీతలుంటే చాలు, తిప్పిన వైపుకు తిరుగుతాయి.

బరువు కోసం టైర్లలో నీళ్ళు నింపమని ఎవరైనా చెప్తారు. ఎర్రనేలకు మంచిదే. నీ రేగడిలో ఆ బరువు నిన్ను కిందికి లాగుతుంది, వద్దు. చేలోకి దిగేముందు గాలి కొంచెం తగ్గించు. వంక ఎక్కేటప్పుడు గేరు మార్చాలని చూడకు. దిగేముందే చిన్న గేరులో పెట్టుకో.

హనుమేషుకు నా మాటగా చెప్పు. చేను టైరు తారు రోడ్డు మీద చెప్పు అరిగినట్టు అరుగుతుంది. రెండు పనులూ చేసే టైరు ఉందని ఎవరైనా అంటే, అది రెండిట్లోనూ సగమే చేస్తుంది. రోడ్డు మీద ఆశ పెట్టుకోవడం తప్పు కాదు. నేను బతికిందే రోడ్డు మీద. కానీ ఈ బండి దానికి పుట్టలేదు. కోపమొస్తే నా మీద పెట్టుకోమను.

ఈ ఉత్తరం ఇంట్లో కూర్చుని రాశాను. మీ పెద్దమ్మ ఎదురుగా బియ్యం ఏరుకుంటూ నన్నే చూస్తోంది.

ఓబులేసు


ఆలూరు,
ఆగస్టు మొదట్లో

పెదనాయనకు,

విత్తాం.

నువ్వు చెప్పినట్టే బిగించాక కొత్త టైర్లతో ట్రాక్టరు కొంచెం ఎత్తయింది. వాకిట్లో దాన్ని చూసి శివాని "ఇది పెద్దమనిషయింది" అన్నది. హనుమేషు దాని చుట్టూ తిరిగాడు. గట్ల మధ్య వేళ్ళు పెట్టి చూశాడు. మర్నాడు పొద్దున స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని ఆదోని పోయి బండల వ్యాపారం చేసే బొజ్జన్న దగ్గర డ్రైవరుగా కుదిరి వచ్చాడు. "నీకు చేను, నాకు రోడ్డు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ అన్నం సగమే తిన్నాడు.

విత్తనం రోజు మాత్రం పనికి పోలేదు. గొర్రు వెనక నడుస్తూ విత్తనం ఆయనే వేశాడు. పొద్దున పొగమంచులాంటి సన్న జల్లు ఉండింది. ఎంత దూరం పోతున్నానో తెలియలేదు. ముందు ఏమీ కనబడదు, వెనక ఆయన గొంతు మాత్రం వినబడుతుంది. "నిదానం... ఆ, అట్లనే పో." చేను చివర మలుపులో ఒకసారి తిరిగి చూశాను. నల్లటి నేల మీద టైర్ల అచ్చులు, వాటి పక్కన ఆయన పాదాల అచ్చులు, రెండూ వానకు నెమ్మదిగా చెదురుతున్నాయి.

తిరిగొచ్చేటప్పుడు వంకలో నీళ్ళు వచ్చాయి. మోకాలి లోతే, కానీ ఎక్కాల్సిన వాలు నూనె పూసినట్టు అయింది. మాకన్నా ముందు ఒక పెద్ద ట్రాక్టరు సగం ఎక్కి ఇరుసు దాకా దిగబడిపోయి ఉంది. దాని పక్కన నాకు మిగిలింది కొంచెం దారి. చిన్న గేరులోనే ఉన్నాను. ఎక్కించాను. నడిమికి వచ్చేసరికి చక్రాలు ఊరికే తిరిగాయి, బండి వెనక్కి వాలింది. తొక్కిన కాలు తీయలేదు, ఇంకా తొక్కనూ లేదు. టైర్ల మీది నుంచి మట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలడం చూస్తున్నాను. రాలింది, పట్టుకుంది, ఎక్కింది. పైన ఆపాక చేతులు స్టీరింగు మీది నుంచి రాలేదు. హనుమేషు నీళ్ళలోంచి నడిచొచ్చి, నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి "ఎక్కినావు కదా, ఇంక వదులు" అన్నాడు.

పక్క చెక్కల వాళ్ళు ముగ్గురు తమ చేలు కూడా విత్తి పెట్టమని అడిగారు. ఒప్పుకున్నాను. శివాని బడికి పోతోంది.

మీ వైపు వాన పడిందా? నీ నేల తడిసిందా?

నాగలత


ఎర్రగుంట్ల,
సెప్టెంబరు

పాపా నాగలతా,

పడింది. మూడు రోజులు ముసురు పట్టింది.

నీ ఉత్తరం చదివాక తోటకు పోయి ట్రాక్టరు ఎక్కాను. కళ్ళు మూసుకున్నాను. చెట్లు రాలేదు. శానాసేపు కూర్చున్నాను. వాన నీళ్ళు మొదళ్ళ చుట్టూ నిలబడి ఉన్నాయి. ఆ నీళ్ళలో ఆకాశం వరసలు వరసలుగా, చెట్లు ఉండిన చోటల్లా ఒక్కో ముక్క. వేరే ఏం లేదు. దాన్నే చూస్తూ కూర్చున్నాను. భయం వేయలేదు.

మర్నాడు మెకానిక్కు ఏసురాజును పిలుచుకొచ్చాను. ఇద్దరం కలిసి బండిని రాళ్ళ మీది నుంచి దించాం. తోట టైర్లు ఎండకు పగిలి అట్టలయిపోయాయి. ఒత్తితే పొడి రాలింది. వాటిని తీయించేసి, నీకు రాసిన రకమే నాకూ వేయించాను. మొదళ్ళు తవ్వించడానికి వారం పట్టింది. కొన్ని వేర్లు లోపల ఇంకా ఎర్రగా ఉన్నాయి. వాటిని కాల్చనివ్వలేదు, గట్టు మీద పెట్టాను.

ఉలవలు చల్లాను. ఉలవలకు బోరు అక్కరలేదు, రాత్రి మంచు పడితే చాలు, బతుకుతాయి. నా అంతట నేనే దున్నాను. ఇంజను చప్పుడు చేతుల్లోంచి భుజాల దాకా వచ్చింది. సాలు వంకరగా పోయింది. నవ్వుకున్నాను.

మొలకలు వచ్చాయి. రెండేసి ఆకులు, వేలిగోరంత. నిన్న పొద్దున వాటిని చూస్తూ గట్టు మీద కూర్చుని ఉంటే కంచె దగ్గర మీ పెద్దమ్మ కనబడింది. మోకాళ్ళు పట్టుకుంటూ, ఆగి ఆగి ఒక్కతే నడిచి వచ్చింది. నా దగ్గరకు రాలేదు. చేలోకి దిగి సాలు పక్కన కూర్చుని, ఒక మొలక చుట్టూ ఉన్న మట్టిని వేలితో సర్దింది. తర్వాత తలెత్తి చేను వైపు చూస్తూ చాలాసేపు ఏదో మాట్లాడింది. నాతోనో, నేలతోనో. నడుమ ఒకసారి కొంగుతో కళ్ళు తుడుచుకుంది, ఒకసారి నవ్వింది.

ఏమన్నదో నాకు వినపడలేదు. మళ్ళీ చెప్పమని అడగలేదు. పోయి పక్కన కూర్చున్నాను.

ఓబులేసు